పికప్ అంటే ఏ పికప్?

పోయిన నెల నా డీజిల్ కారు అమ్మేశాను. కొన్నాయన తెనాలి నుంచి వచ్చాడు, అరవై దాటిన మనిషి. బానెట్ ఎత్తి చూశాడు, టైర్లను గోటితో గీకాడు, గుంటూరు లక్ష్మీపురం మెయిన్ రోడ్డు మీద ఒక కిలోమీటరు నడిపాడు. దిగి "పికప్ బాగుందండీ" అన్నాడు. తర్వాత మైలేజీ అడిగాడు, బేరమాడాడు, సాయంత్రానికి తీసుకెళ్ళిపోయాడు. పదేళ్ళు నా దగ్గరున్న బండి మూడు గంటల్లో వీధి మలుపు దాటేసింది.

అదే వారంలో బెంగళూరు నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడికి కొత్త ఉద్యోగం, చేతిలో కాస్త డబ్బు, సెకండ్ హ్యాండ్‌లో స్పీడున్న కారు కొనాలని కోరిక. చూస్తున్నది కూడా నేను అమ్మిన మోడలే, పోలో జీటీ. డీజిల్‌ది ఒకటి, పెట్రోల్‌ది ఒకటి దొరికాయట. "మావయ్యా, డీజిల్‌లో మజా ఏముంటుంది? లారీ ఇంజనేగా. రెండూ నడిపి చూశా, పెట్రోల్‌కే పికప్ ఉంది" అన్నాడు.

ఏదో ఒకటి చెప్పి పెట్టేయొచ్చు. కానీ పదేళ్ళు డీజిల్‌ని వెనకేసుకొచ్చి, బ్రాడీపేటలో టిఫిన్ బండి దగ్గర స్నేహితులతో గొంతు చించుకున్నవాణ్ణి. బండి చేతిలో లేదు కాబట్టి ఇప్పుడు ఆ వాదనలో నాకు వాటా లేదు. ఒకసారి పక్షపాతం లేకుండా ఆలోచిద్దామనిపించింది.

తెనాలి పెద్దాయనా, మా వాడూ వాడింది ఒకటే మాట. మనం పికప్ అనే ఆ ఒక్క మాటతో రెండు వేరే సంగతులు చెబుతాం. ఒకటి, కాలు వెయ్యగానే వీపు సీటుకు అతుక్కోవడం, వెనక నుంచి ఎవరో నెట్టినట్టు. దీన్ని తోపు అందాం (కుర్రాళ్ళు "వాడు తోపు రా" అనే అర్థంలో కాదు). రెండోది, ఇంజన్ తిరిగే కొద్దీ ఇంకా ఉంది, ఇంకా ఉంది అంటూ బండి ఊపందుకోవడం. దీన్ని ఉరుకు అంటాను. డీజిల్ ఇచ్చేది తోపు, పాత తరం పెట్రోల్ ఇచ్చేది ఉరుకు. నడిపే ఆనందం అని నేను అనుకునేది ఉరుకులోనే ఉందని ఇన్నేళ్ళకి ఒప్పుకుంటున్నాను. కాకపోతే అది ఒప్పుకోవడానికి నాకు చాలా అడ్డంకులున్నాయి.

కాగితం మీద లెక్క

పోలో జీటీ మంచి ఉదాహరణ. ఎందుకంటే డీజిల్‌దీ 105 హార్స్‌పవరే, పెట్రోల్‌దీ 105 హార్స్‌పవరే. తేడా టార్క్‌లో, అంటే ఇంజన్ తిప్పే బలంలో. డీజిల్‌కు 250 ఎన్ఎం (న్యూటన్ మీటర్లు, టార్క్ కొలత), పెట్రోల్‌కు 175. మేం డీజిల్ వాళ్ళం ఈ 250 అంకెను మెడలో పతకంలా వేసుకుని తిరిగేవాళ్ళం.

ఒక రోజు టోల్ గేట్ క్యూలో ఖాళీగా కూర్చుని లెక్క వేశాను. టార్క్‌ని ఆర్పీఎంతో (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి సుమారు 7,000తో భాగిస్తే ఆ క్షణంలో వచ్చే హార్స్‌పవర్ తెలుస్తుంది. నా డీజిల్ 2,500 ఆర్పీఎం దాకా పూర్తి 250 ఇస్తుంది. అంటే ఆర్పీఎం మీటర్ సూది 2,500 దగ్గరికి వచ్చేసరికే 89 గుర్రాలు బయటికొచ్చేశాయి. అక్కణ్ణుంచి 4,400 దాకా ఎంత తిప్పినా కొత్తగా వచ్చేవి 16. పెళ్ళి భోజనంలో మొదటి వడ్డనలోనే గారెలూ బూరెలూ అన్నీ పడేసి, తర్వాత మజ్జిగ కోసం అరగంట కూర్చోబెట్టినట్టు.

అదే పెట్రోల్ జీటీకి 2,500 దగ్గర ఉన్నవి 62 గుర్రాలే. ఇక టర్బో (ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టే పరికరం) లేని పాత పెట్రోల్ సంగతి చూడండి. పటమటలో ఉండే నా స్నేహితుడి దగ్గర 2002 హోండా సిటీ వీటెక్ ఉంది, 106 హార్స్‌పవర్. 2,500 దగ్గర అందులో సగం కూడా పలకదు. ఉన్న గుర్రాలన్నీ బయటికి రావాలంటే సూది 6,500 దాటాలి. మూడు బండ్లకీ బ్రోచర్‌లో అంకె దాదాపు ఒకటే. ఆ గుర్రాలు ఎప్పుడు వస్తాయనేదే గుణాన్ని మార్చేస్తుంది.

డీజిల్ అంతకు మించి తిరగలేకపోవడం కంపెనీల బద్ధకం కాదు. పెట్రోల్ ఇంజన్‌లో గాలీ ఇంధనం ముందే కలిసి ఉంటాయి, ప్లగ్ నిప్పురవ్వ వెయ్యగానే అంటుకుంటుంది. డీజిల్‌లో ముందు గాలిని పదహారు రెట్ల దాకా నొక్కి కాల్చేంత వేడి పుట్టించాలి, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మాలి, అది గాలితో కలుస్తూ మండాలి. ఆ కలిసే పనికి టైము కావాలి. అంత ఒత్తిడికి తట్టుకోవాలంటే పిస్టన్, కనెక్టింగ్ రాడ్ బరువుగా ఉండాలి, బరువైనవి వేగంగా ఊగలేవు. అందుకే 4,500 చుట్టూ ఆట ముగుస్తుంది.

ఇంకో చిన్న మోసం కూడా ఉంది. ఇంజన్ దగ్గర 250 ఉన్నా చక్రం దగ్గర ఆ తేడా అంతా మిగలదు. తక్కువ తిరిగే ఇంజన్‌తో వేగం రావాలి కాబట్టి డీజిల్‌కు పొడుగు గేర్లు పెడతారు, అవి నెట్టుడును తగ్గిస్తాయి. ఎక్కువ తిరిగే పెట్రోల్‌కు పొట్టి గేర్లు, అవి పెంచుతాయి. టిఫిన్ బండి దగ్గర వాదనల్లో ఈ ముక్క నేనెప్పుడూ ఎత్తలేదు.

వినుకొండ దాటాక

అయినా డీజిల్‌ని తీసిపారేసేవాళ్ళు ఎప్పుడైనా గుంటూరు నుంచి శ్రీశైలం వెళ్ళి రావాలి. నేను ఏటా కార్తీక మాసంలో అమ్మానాన్నల్ని తీసుకెళ్తాను. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే వినుకొండ దగ్గర తెల్లారుతుంది. అక్కణ్ణుంచి మార్కాపురం వైపు ఎదురుగా వచ్చే బండిని చూసుకుంటూ ఓవర్‌టేక్ చెయ్యాల్సిన రోడ్డే ఎక్కువ. ముందు లారీ, దాని ముందు ఇంకో లారీ, ఎదురుగా పత్తి లోడు ట్రాక్టర్. ఖాళీ దొరికేది ఏడెనిమిది సెకన్లు.

డీజిల్‌లో ఆ ఏడెనిమిది సెకన్లు చాలు. నాలుగో గేర్‌లోనే ఉంటావు, సూది 2,000 దగ్గర ఉంటుంది, కాలు వేస్తావు, లారీ వెనక్కి పోతుంది. గేర్ మార్చక్కర్లేదు, సౌండ్ పెద్దగా మారదు. వెనక సీట్లో అమ్మ నిద్ర లేవదు. ఆ రోడ్డు మీద, ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం అబద్ధం కాదు. దగ్గర ఎప్పుడూ కొంత మిగులు ఉందన్న ధీమా అది.

ఒక ఏడాది నా బండి సర్వీసులో ఉంటే పటమట స్నేహితుడి సిటీ అడిగి తీసుకెళ్ళాను. మొదటి లారీ దగ్గరే నాలుగు నుంచి మూడుకు, సరిపోక రెండుకు దించాను. సూది 6,000 ఎక్కింది. ఇంజన్ అరిచిన అరుపుకు అమ్మ ఉలిక్కిపడి లేచి "ఏమైందిరా" అంది. నాన్న "బండికి ఏమీ కాలేదు, వీడికే ఏదో అయింది" అన్నాడు. దోర్నాల చేరేదాకా నేను ఇంకో లారీని దాటలేదు.

కుటుంబాన్ని ఎక్కించుకుని వెళ్ళే మనిషికి ఉరుకు అనేది దాదాపు నిషిద్ధం. మన కార్లు నూటికి తొంభై పూటలు అలాగే నడుస్తాయి. ఏడాదికి మూడుసార్లు దొరికే ఉరుకు కోసం రోజూ దొరికే తోపును వదులుకోవాలా? ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ గట్టి జవాబు లేదు.

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2012 వేసవిలో పెట్రోల్‌కీ డీజిల్‌కీ లీటరుకు ముప్పై రూపాయల పైనే తేడా ఉండేది. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద ప్రభుత్వం పట్టు వదిలేశాక ఆ తేడా కరిగింది, ఇప్పుడు పది పన్నెండు దగ్గర ఆడుతోంది. అయినా లీటరుకు ఇరవై కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ చేతిలో ఉంటే మనిషి ఊరికే తిరుగుతాడు. విజయవాడలో ఆఫీసు అయిపోయాక హైవే ఎక్కకుండా ప్రకాశం బ్యారేజీ మీదుగా, ఉండవల్లి వైపు నుంచి చుట్టూ తిరిగి ఇంటికొచ్చిన రాత్రులు ఎన్నో. పని లేదు, ఎవరూ రమ్మనలేదు, కృష్ణ మీద గాలి బాగుంది, అంతే. నా స్నేహితుడు సిటీని నెలకు రెండుసార్లు తీస్తాడు, తీసినప్పుడల్లా గేజ్ వైపు ఒక కన్ను వేసి ఉంచుతాడు. ఆనందాన్ని కిలోమీటర్లతో కొలిచే పద్ధతి ఉంటే నేను వాణ్ణి ఎప్పుడో దాటేశాను.

కొండవీడు మలుపుల్లో

మరి ఇంత చెప్పి ఉరుకు వైపు ఎందుకు మొగ్గుతున్నానంటే, కొండవీడు ఘాట్ రోడ్డు వల్ల.

ఒక ఆదివారం పొద్దున, జనం రాకముందే నేనూ ఆ స్నేహితుడూ రెండు బండ్లూ తీసుకుని వెళ్ళాం. కొండ మీదికి ఒకసారి ఎవరి బండి వాళ్ళం, రెండోసారి మార్చుకుని. పందెం కాదు. అక్కడ టైము చూసుకోకూడదు, ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎదురుగా ఎప్పుడు ఏం వస్తుందో తెలియదు.

నా డీజిల్‌తో ఎక్కుతుంటే ఒక మలుపుకీ ఇంకో మలుపుకీ మధ్య ఏం జరుగుతోందో ఆ రోజు మొదటిసారి గమనించాను. మలుపులోంచి రెండో గేర్‌లో బయటికొస్తే సూది 1,700. కాలు వేస్తే క్షణం పాటు ఏమీ లేదు. టర్బో అందుకోగానే అంతా ఒక్కసారి వచ్చి పడుతుంది, స్టీరింగ్ చేతిలో కొంచెం గుంజుతుంది. ఆ ఊపు ఆస్వాదించేలోపే 4,000 అయిపోయింది. మూడో గేర్ వెయ్యాలి. వేసేలోపే తర్వాతి మలుపు. మళ్ళీ రెండు. రెండు మలుపుల మధ్య ఉన్న జాగా కంటే ఇంజన్‌కున్న జాగా చిన్నది. పైగా డీజిల్ ఇంజన్ బరువు, ఆ బరువంతా ముందు చక్రాల మీద. ముక్కు తిరగడానికి ఒక అర క్షణం బతిమాలించుకుంటుంది.

తర్వాత సిటీ ఎక్కాను. రెండో గేర్ వేశాను, కొండెక్కేదాకా దాదాపు అదే గేర్. మలుపులోంచి బయటికి వచ్చాక 3,000, అక్కడ బండి నీరసంగా ఉంది, నిజం. 4,000 దగ్గర గొంతు సవరించుకుంది. 5,000 దాటాక సౌండ్ మారింది, ఆ సౌండ్ వింటే మీటర్ చూడకుండానే ఎంత వేగంలో ఉన్నానో తెలిసిపోతోంది. కాలు వెంట్రుకవాసి కదిపితే బండి వెంట్రుకవాసి కదిలింది. మధ్యలో టర్బో అనే దళారి లేడు. పైకి చేరేసరికి అరచేతుల్లో చెమట. నేను నడిపానన్న భావన కలిగింది. డీజిల్‌లో కలిగేది, బండి తీసుకెళ్ళిందన్న భావన.

పైన ఆగాక చూస్తే నా స్నేహితుడు నా డీజిల్ దిగి పళ్ళికిలిస్తున్నాడు. "ఇది లాగుతుంది రా బాబూ, కొండ ఉందన్న సంగతే తెలియలేదు" అన్నాడు. పొరుగింటి పుల్లకూర రుచి. నాకు వాడి బండి, వాడికి నా బండి. నా తీర్పు మీద నాకు అనుమానం వచ్చింది అక్కడే. పదేళ్ళ కాపురం తర్వాత వేరే బండిలో పొద్దున పూట అరగంట గడిపితే ఏ బండైనా బాగుంటుంది. అందుకే తర్వాత రెండు నెలల్లో ఇంకో మూడుసార్లు వెళ్ళాను. మూడుసార్లూ అరచేతుల్లో అదే చెమట. మా వాడికి మాత్రం రెండోసారికే డీజిల్ మోజు తీరింది. "ఎంతసేపూ ఒకటే పని చేస్తుంది రా ఇది" అన్నాడు. ఆ మాటకు నాకు కోపం వచ్చింది, జవాబు దొరకలేదు.

ఆటోనగర్‌లో నా బండి చూసే మేస్త్రీ ఈ విషయం ఒక్క ముక్కలో తేల్చేశాడు. "డీజిలు చెప్పకుండా చేస్తుందండీ. పెట్రోలు చెప్పి చేస్తుంది." ఆయన తిరిగేది టీవీఎస్ ఎక్సెల్ మీద.

లారీ ఇంజన్ అనే మాట

మా మేనల్లుడి మాటలో నాకు నచ్చనిది ఒకటుంది. డీజిల్ లారీలకే అనేది పాత మాట. 1998లోనే బీఎండబ్ల్యూ 320డి నర్‌బర్గ్‌రింగ్ 24 గంటల రేసు గెలిచింది. 2006లో ఆడి ఆర్10 లె మాన్ 24 గంటల రేసు గెలిచింది, అక్కడ గెలిచిన మొదటి డీజిల్ అదే. 5.5 లీటర్ల వీ12, 650 హార్స్‌పవర్, 1,100 ఎన్ఎం పైన టార్క్. 2007, 2008 కూడా అదే కారు. 2009లో గెలిచిన ప్యూజో కూడా డీజిలే. తర్వాత బీఎండబ్ల్యూ ఎం550డి అని మూడు టర్బోలతో 381 గుర్రాల కారు రోడ్డు మీదకే తెచ్చింది. కాబట్టి డీజిల్ నెమ్మది అనే వాదన ఎప్పుడో చచ్చిపోయింది.

కానీ గెలవడం వేరు, మజా వేరు. ఆ ఆర్10 మిగతా రేసు కార్లతో పోలిస్తే ఎంత నిశ్శబ్దంగా వెళ్ళేదంటే, చూడ్డానికి వచ్చినవాళ్ళకు అదొక వింత. రోడ్డు కార్లకు వచ్చేసరికి ఆడి ఎస్‌క్యూ5 డీజిల్‌లో ఎగ్జాస్ట్ దగ్గర సౌండ్ పుట్టించడానికి ప్రత్యేకంగా ఒక పరికరం పెట్టారు. బండి నిజంగా వేగమైనది. అయినా వినిపించాల్సింది వినిపించడం లేదని చేసినవాళ్ళకే అనిపించింది. మిర్చి యార్డు ఉన్న ఊళ్ళో పుట్టినవాణ్ణి, నాకు ఇది వేరేలా తోస్తుంది. రంగుకు బ్యాడిగి, ఘాటుకు తేజ. ఎరుపు చూసి కారం అనుకుని కొనేవాడు ఇక్కడ ఉండడు. 250 ఎన్ఎం అనే అంకె నాకు పదేళ్ళ పాటు రంగు చూపించింది.

ఇది బాగా వచ్చిన పోలిక అని సంబరపడేలోపు ఒక సంగతి గుర్తొచ్చి ఆగాను. 2011 బీఎండబ్ల్యూ ఎం5 పెట్రోల్ కారు, 4.4 లీటర్ల వీ8. దాని ఇంజన్ సౌండ్‌ని కూడా క్యాబిన్‌లో స్పీకర్ల నుంచి పెంచి వినిపించారు. అంటే దొంగ సౌండ్ ఒక్క డీజిల్ పాపమే కాదు.

గొట్టం మారింది, గుణం మారలేదు

అక్కడే నాకు అసలు ముడి దొరికింది. డీజిల్ పోతోంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనలు రాగానే మారుతి, ఫోక్స్‌వ్యాగన్ లాంటివాళ్ళు మన దగ్గర డీజిల్ మానేశారు. ఇప్పుడు వచ్చే డీజిల్స్‌లో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది, ఊళ్ళోనే నాలుగేసి కిలోమీటర్లు తిప్పితే అది పూడుకుంటుంది. మా ఆఫీసులో ఒకాయన బండికి లైటు వెలిగితే సర్వీస్ వాళ్ళు "హైవే మీద అరగంట తిప్పి తీసుకురండి" అన్నారట. షుగర్ వచ్చినాయనకు డాక్టరు వాకింగ్ రాసినట్టు, బండికి కూడా.

పోయిన డీజిల్ స్థానంలోకి వచ్చింది టర్బో పెట్రోల్. హ్యుందాయ్ వెర్నానే చూడండి. 2011లో 1.6 డీజిల్‌కు 260 ఎన్ఎం. 2023లో డీజిల్ తీసేసి పెట్టిన 1.5 టర్బో పెట్రోల్‌కు 253. టార్క్ దాదాపు అంతే, అదీ 1,500 ఆర్పీఎం నుంచే. పవర్ పెరిగింది, 128 నుంచి 160కి. ఒప్పుకుంటాను, ఇది డీజిల్ కంటే ఎక్కువ తిరుగుతుంది, తేలిగ్గా ఉంటుంది, ముక్కు బాగా తిరుగుతుంది. కానీ మొదటి వడ్డనలోనే అన్నీ వేసేసే అలవాటు డీజిల్‌దే. నేను డీజిల్ అమ్మి కొన్నది కూడా టర్బో పెట్రోలే. కొన్న వారానికి అర్థమైంది, బంకులో గొట్టం మారిందే గానీ పాత బండి నా దగ్గరే ఉందని.

మా మేనల్లుడు నడిపిన పెట్రోల్ జీటీ కూడా ఈ జాతే. 175 ఎన్ఎం 1,500 నుంచి 4,100 దాకా ఒకే తీరున. లెక్క వేస్తే 4,100 దగ్గరికే 105లో 102 గుర్రాలు వచ్చేస్తాయి. వాడికి "పెట్రోల్ పికప్" అనిపించింది నిజానికి తోపే, డీజిల్ నుంచి అరువు తెచ్చుకున్నది. పైగా అందులో ఆటోమేటిక్ గేర్‌బాక్స్, గేరు ఎప్పుడు మార్చాలో అదే చూసుకుంటుంది. డీజిల్‌లో కనీసం ఎడమ కాలికి పని ఉంటుంది. ఆ రెండింటిలోనే ఎంచుకోవాలంటే నేను డీజిలే తీసుకోమంటాను. ఇంతసేపు ఉరుకు గురించి ఊదరగొట్టి చివరికి ఈ సలహానా అంటే, అవును. తోపు కావాలనుకుంటే అసలుదే కొనుక్కోవాలి. ఉరుకు కావాలంటే టర్బో లేని పాత పెట్రోల్ వెతుక్కోవాలి. అది కూడా తేలికేం కాదు. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, పాత బండ్లను దాని కోసం చెయ్యలేదు. మా స్నేహితుడు సిటీలో రబ్బరు పైపులన్నీ ఒకసారి మార్పించి, నెలకోసారి బానెట్ ఎత్తి వాసన చూస్తుంటాడు.

ఇదంతా ఫోన్‌లో చెబితే వాడికి ఎక్కలేదు. పోయిన ఆదివారం వాడు గుంటూరు వచ్చినప్పుడు ముగ్గురం సిటీలో కొండవీడు వెళ్ళాం. వాడు డ్రైవింగ్‌లో, నేను పక్కన, బండిగలవాడు వెనక. మొదటి మలుపు దాటాక 3,000 దగ్గర వాడు మూడో గేర్ వేసేశాడు. "పికప్ లేదేంటి మావయ్యా?" అన్నాడు. రెండు వేసి కాలు తియ్యకుండా ఉంచమన్నాను. 4,000 దగ్గర అనుమానంగా నా వైపు చూశాడు. 5,500 దగ్గర మాట్లాడ్డం మానేశాడు.

పైన బండి ఆపి, స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి కాసేపు కూర్చున్నాడు. తర్వాత అడిగాడు.

"మైలేజీ ఎంతిస్తుంది?"

"అడక్కు" అన్నాడు వెనక సీట్లోంచి మావాడు.